చిన్న సేవకుడు

ఈమధ్య మా ఇంట ఒక సేవకుణ్ణి కుదుర్చుకోవలసి వచ్చింది. మనిషి కాదులెండి, మా అబ్బాయి రేడియో కారులో ముందు చక్రాలు తిప్పే సర్వో. లాటిన్‌లో ఆ మాటకు మూలం సేవకుడే.

“బలమైనదే కొందాం నాన్నగారూ” అని వాడి పట్టు. 55 గ్రాముల ఎం.జి.996ఆర్ బలమైనదే. కాని చక్రం బిగుసుకుందా, 2.5 ఆంపియర్ల దాకా మింగుతుంది. చిన్న బ్యాటరీలో వోల్టేజి పడిపోతుంది. రిసీవరు స్పృహ తప్పుతుంది. కారు మన మాట వినక వీధిలోకి దూసుకుపోతుంది.

అరకిలో లోపు కారుకు 9 గ్రాముల ఎస్.జి.90 చాలు. అయితే ముందుగా చక్రాలను వేలితో కదిపి చూడండి. బిగువుంటే, తిప్పే కడ్డీలను సడలించండి. పని బరువైతే చిన్న సేవకుడికీ ఆకలి ఎక్కువే. సేవకుణ్ణి మార్చేముందు పని తేలిక చేయడం గృహస్థధర్మం కదా!