పిల్లకు పద్దెనిమిది నిండినవా?

మొన్న ఆదివారము మా పెద్దలలో ఒకరు ఇంటికి వచ్చి, "నాయనా, నువ్వు ఆఫీసులో రాతకోతలు తెలిసినవాడివి. అమ్మాయి వయస్సు ఒక ఏడాది ఎక్కువగా చూపించి కాగితము రాసిపెట్టు" అన్నారు. పిల్లకు పదిహేడు. మేనరికమేనట, కుర్రవానికి ఉద్యోగమున్నదట, ఇప్పుడు తప్పితే మళ్లీ కుదరదట. నేను రాయనన్నాను. ఆయన కాఫీ అయినా తాగకుండా లేచి వెళ్లిపోయినారు. ఆయనకు చెప్పదలచినది ఇక్కడ చెబుతున్నాను.

కాగితములో వయస్సు దిద్దవచ్చును గాని ఒంటిలో దిద్దలేము. పదహారు, పదిహేడేండ్ల పిల్ల తానే ఇంకా ఎదుగుతుంటుంది. ఒంటిలో రక్తము అంతంత మాత్రమే. అప్పుడే కడుపు పండితే, తిన్న నాలుగు మెతుకులు తల్లికా, బిడ్డకా? ఇరవై నిండని తల్లులకు, ఇరవై దాటినవారి కన్న గుర్రపువాతము, బాలింత జ్వరము వంటి ప్రమాదములు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బిడ్డలు నెలలు నిండకుండా పుట్టడము, రెండున్నర కిలోలకు తక్కువ తూగడము కూడ ఎక్కువే.

ఇది మనవారిలో లేదనుకోవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–19 ఏండ్ల ఆడపిల్లలలో అప్పటికే తల్లులో, గర్భిణులో అయినవారు మహారాష్ట్రలో నూటికి 7.6, తెలంగాణాలో 5.8, ఆంధ్రలో 12.6. శారదా చట్టము 1929 లో పెట్టిన హద్దు పద్నాలుగేండ్లు. 1978 లో అది పద్దెనిమిది అయినది. చట్టము మారినా మన తొందర తగ్గలేదు.

ఇప్పటికే కడుపుతో ఉన్న చిన్నపిల్ల ఇంట ఉంటే దాచవద్దు. కేసు అవుతుందని భయపడి ఆస్పత్రికి తీసుకుపోకపోతే రెండు ప్రాణములకు ముప్పు. వెంటనే పేరు నమోదు చేయించండి. నాలుగవ నెల నుండి రోజుకొక ఇనుము మాత్ర, 180 రోజులు తప్పక వేయించండి. తల తిరిగినా, కాళ్లు, ముఖము వాచినా, కళ్లు మసకబారినా రక్తపుపోటు చూపించండి. పురుడు ఆస్పత్రిలోనే జరగాలి.

బిడ్డ బరువు తక్కువైతే తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచడము, పుట్టిన గంటలోపల పాలు పట్టడము ముఖ్యము. 1982 లో మన జిల్లా నుండి విడిపోయిన గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 గ్రామములలో ఊరి స్త్రీలకే ఈ సంరక్షణ నేర్పి, పసికందుల మరణములు సగానికి మించి తగ్గించినారు. 1999 లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితములు ప్రకటించినది. నేడు ఆశా కార్యకర్తలు ఇంటింటికి వచ్చి చేసేది ఆ పనే. వారిని గుమ్మము బయటనే నిలబెట్టకండి.

మేనల్లుడే గదా, ఒక ఏడాది ఆగలేడా? పెండ్లి పద్దెనిమిది నిండినాక, తొలిచూలు ఇరవై దాటినాక. ఆ పెద్దలు మళ్లీ వస్తే, పిల్లను కాలేజీలో చేర్చే దరఖాస్తు నేనే రాసిపెడతాను. కాఫీ కూడ ఇప్పిస్తాను.