మృతజీవులును మన కౌలుదార్లును

రష్యా నవలలను పరిశోధించు విద్వాంసుడు ఆ దేశపు పన్నులను, అప్పులను, వేలములను గూర్చి కూడ చదువవలయునా? రసమునకును రొక్కమునకును సంబంధమేమని మన సాహితీపరులలో కొందఱు ప్రశ్నింతురు. విభావము లేనిదే రసము పుట్టదని మన ఆలంకారికులే చెప్పిరి గదా! రష్యా నవలకు విభావము ఆ భూవ్యవస్థయే.

గోగోలు 1842లో ప్రకటించిన ‘మృతజీవులు’ చూడుడు. దాసరైతుల తలపన్ను జమీందారే కట్టవలసియుండెను. మరల జనగణన జరుగువఱకు చచ్చినవారును పట్టీలో బ్రదికియే యుండిరి. చిచీకోవు ఆ పేళ్లను చవుకగా కొని, తాకట్టు పెట్టి, ఋణము తీయజూచెను. ఈ లెక్క యెఱుగనివానికి ఆ గ్రంథము వట్టి హాస్యము, ఎఱిగినవానికి బీభత్సము. 1861లో దాస్యము తొలగెను గాని, రైతు తన భూమికై 49 ఏండ్ల వాయిదాలను నెత్తి కెత్తుకొనవలసివచ్చెను. ఇది తెలియక, చేహోవు 1904 నాటి ‘చెర్రీతోట’లో దాసుల మనుమడు ఆ తోటనే వేలములో పాడుకొనుటలోని తీపియు చేదును ఎట్లు తెలియును?

అయితే మా వాదము పండితులతోడనే ముగియదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఈ నవలలు చదివి కన్నీరు పెట్టు గృహస్థులలో పలువురము చేలు గలవారము. ఆ చేలు దున్నువారు కౌలుదార్లు. 2011 సార్వాలో గిట్టుబాటు గాక కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించిరి. ఆ యేడు సామాన్యరకపు ధాన్యమునకు మద్దతుధర క్వింటాలుకు 1,080 రూపాయలు. సొంతచేను గలవానికే చాలని ఆ ధరలో, బస్తాల కౌలు కూడ కొలువవలసినవానికి మిగులునదేమి?

2019లో సాగుదారు హక్కుల చట్టము వచ్చెను. 11 నెలల ఒప్పందముపై యజమాని సంతకము చేసినచో, కౌలుదారునకు బ్యాంకు ఋణమునకును పంటనష్ట పరిహారమునకును అది దారి చూపెను. సంతకము పెట్టిన భూమి పోవునను భయము మనవారిది. యజమాని హక్కునకు భంగము లేదని ఆ చట్టమే చెప్పినది. అయినను మనలో ఎందఱము సంతకము పెట్టితిమి?

గోగోలు పట్టీలో చచ్చినవారు బ్రదికియుండిరి. మన పట్టీలో బ్రదికినవారు కానరారు. రష్యా జమీందారును నిందించుట సులభము, అతడు మన కౌలు అడుగడు గనుక. చదువరులారా! పుస్తకము ఒక్కనాటికి మూసి, వాకిట నిలిచినవానిని లోనికి పిలిచి, ఒప్పందము వ్రాయుదము. ఆ తరువాత చదువు రష్యా నవల మనకు మఱింత బాగుగ అర్థమగును.