పరుగు పందెములో కడపటివాడు

ఏటేట ఆగస్టు మాసము వచ్చునప్పటికి హైదరాబాదు నగరపు మారథాన్ పరుగును గూర్చి వార్తాపత్రికలలో ఛాయాచిత్రములు వెలువడును. వానిని చూచి మన విద్యార్థులు అడుగు ప్రశ్న ఒక్కటే: మొదట వచ్చినది ఎవరు? ఆ ప్రశ్న సహజమైనదే. కాని ఆ పరుగులో వేలమంది పాల్గొందురు. వారిలో బహుమానము నాశించి పరుగెత్తువారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది మాత్రమే. తక్కినవారు తాము గెలువజాలమని ఎఱిగియే తెల్లవారుజామున లేచి, రుసుము చెల్లించి, వానచినుకులలో వచ్చి నిలుచుచున్నారు. ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానము మారథాన్ చరిత్రలో నున్నది. ఆ సమాధానము మన మంగళవాడ వంటి గ్రామములోని పాఠశాలకు మిక్కిలి అవసరమని మా అభిప్రాయము.

మారథాన్ అనునది గ్రీసు దేశమున నొక ఊరి పేరు. క్రీస్తు పూర్వము 490లో అచ్చట ఏథెన్సువారు పారసీక సైన్యమును జయించిరి. ఆ వార్తను మోసికొని యొక వార్తాహరుడు ఏథెన్సు వఱకు పరుగెత్తి, విజయమని పలికి ప్రాణము విడిచెనని లోకమున ప్రసిద్ధమైన కథ. అయితే ఆ యుద్ధమును విపులముగా వ్రాసిన ప్రాచీన చరిత్రకారుడు హెరొడోటసు ఈ కథను చెప్పలేదు. సహాయ మర్థించుటకై ఏథెన్సునుండి స్పార్టాకు పరుగెత్తిన వార్తాహరుని మాత్రమే అతడు పేర్కొనెను. పరుగెత్తి మరణించిన వీరుని కథ కొన్ని శతాబ్దముల పిమ్మట గ్రంథముల కెక్కినది. కథ నిజమైనను కాకున్నను, దానినుండి పుట్టిన పరుగు మాత్రము నిజము.

1896లో ఏథెన్సునందు నవీన ఒలింపిక్ క్రీడలు ఆరంభమైనప్పుడు ఇట్టి పరుగు నొకటి చేర్పవలెనని సూచించినవాడు మిషెల్ బ్రెయాల్ అను ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త. క్రీడలకు ఇంత గొప్ప కానుక నిచ్చినవాడు భాషలు చదువుకొన్నవాడగుట భాష బోధించు మాబోంట్లకు సంతోషదాయకము. ఆ తొలి పరుగులో గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్. అతడు సేనాని కాడు, శ్రీమంతుడు కాడు. ఏథెన్సు నగరమునకు నీరు చేరవేసి జీవించిన పల్లెవాడు. బిందెడు నీటి వెల ఎంతయో అనుభవమున నెఱిగిన మన పావగడ తాలూకావారికి ఈ నీళ్లవాని గెలుపు పరాయి దేశపు వార్తగా తోచదు.

ఆనాడు పరుగు దూరము సుమారు 40 కిలోమీటర్లు. 1908లో లండను ఒలింపిక్ క్రీడలయందు రాజభవనపు ప్రాంగణమునుండి బయలుదేరి క్రీడారంగమున రాజకుటుంబము ఆసీనులైన స్థలము నెదుట ముగియునట్లు త్రోవను కొలిచిరి. అది 42 కిలోమీటర్ల 195 మీటర్లయ్యెను. 1921లో ఆ కొలతయే శాశ్వతముగా స్థిరపడినది. నాడు రాజుల సౌకర్యమునకై ఏర్పడిన దూరమును నేడు కూలివాడును, గుమాస్తాయు, విద్యార్థియు పరుగెత్తుచున్నారు.

ప్రతిసంవత్సరము ఒకే స్థలమున జరుగు మారథాన్ పరుగులలో ప్రాచీనమైనది అమెరికాలోని బోస్టనుది. 1897 ఏప్రిల్ 19వ తేదీన దానిని ఆరంభించినప్పుడు పరుగెత్తినవారు పదునైదుగురు. 2019 వఱకు ఏదో యొక రూపమున అది ఏటేట జరిగినది. కరోనా మహమ్మారి కాలమున, 2020లో, తొలిసారిగా రద్దయినది. ఇంత సుదీర్ఘమైన చరిత్రలో మేము విశేషముగా భావించునది ఏ విజేత పేరును కాదు. ద్వారము వెలుపల ఎవరు నిలిచియుండిరి, వారు లోపలి కెట్లు వచ్చిరి అనునదే విశేషము.

స్త్రీలు అంత దూరము పరుగెత్తజాలరని డెబ్బది ఏండ్లకు పైగా బోస్టనువారు నమ్మిరి. 1966లో బాబీ గిబ్ అను యువతి బయలుదేరు చోటికి సమీపమున పొదలలో దాగియుండి, పురుషుల గుంపులో కలిసి పరుగు పూర్తిచేసెను. 1967లో క్యాథరీన్ స్విట్జరు తన పేరును పొడి యక్షరములతో వ్రాసి సంఖ్యాపత్రము పొందెను. దారిలో నిర్వాహకులలో నొకరు ఆమెపైబడి ఆ పత్రమును లాగివేయ యత్నించిరి. ఆమె ఆగలేదు, కడవఱకు పరుగెత్తెను. 1972లో గాని స్త్రీలకు అచ్చట అధికారికముగా ప్రవేశము లభింపలేదు. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల మారథాన్ 1984లో గాని ఆరంభము కాలేదు. 1975లో చక్రాల కుర్చీలో కూర్చుండి బాబ్ హాల్ బోస్టను పరుగును ముగించెను. అట్టివాని పరుగును నిర్వాహకులు గుర్తించుట అదియే మొదలు. ఈ విధముగ ఒక్కొక్క ద్వారము తెఱచుకొన్నది. తెఱచినవారు నిర్వాహకులు కారు. వలదన్నను వచ్చి పరుగెత్తినవారే.

న్యూయార్కు నగరపు పరుగు 1970లో ఒక ఉద్యానవనములో ఆరంభమైనది. 127 మంది బయలుదేరగా 55 మంది మాత్రమే ముగించిరి. ప్రవేశ రుసుము ఒక డాలరు. 1976లో ఆ పరుగు తోట విడిచి నగరములోని ఐదు విభాగముల వీధులలోనికి వచ్చినది. నాటినుండి వీధి కిరుప్రక్కల నిలిచి నీళ్లందించు జనులును, చప్పట్లు కొట్టు పిల్లలును పరుగులో భాగమైరి. అచ్చటనే నగర మారథాన్ అను భావము బలపడినదని చెప్పవచ్చును. ఒక దినము, కొన్ని గంటలపాటు, బండ్ల త్రోవ కాలినడకవారి దగును.

మన దేశమునకును ఈ పరుగుతో నూఱేండ్లకు మించిన సంబంధము కలదు. 1920లో ఆంట్‌వెర్పు ఒలింపిక్ క్రీడలయందు మారథాన్ పరుగెత్తి 19వ స్థానమున నిలిచిన ఫడెప్ప చౌగులె మన కర్ణాటకములోని బెళగావివాడు; మనవలె రెండు భాషలు కలిసిన సీమకు చెందినవాడు. పాదరక్షలు లేక పరుగెత్తుటకు పేరొందిన శివనాథ్ సింగ్ 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో 11వ స్థానము పొందెను. 1978లో జలంధరునందు 2 గంటల 12 నిమిషములలో ముగించిన అతని పరుగును నలువది ఏండ్లకు పైగా మన దేశమున ఎవరును మించలేదు.

పుణెలో అంతర్జాతీయ మారథాన్ 1983లోను, ముంబయిలో నేటి నగర మారథాన్ 2004లోను మొదలైనవి. బెంగుళూరులో 10 కిలోమీటర్ల పరుగు 2008 నుండి జరుగుచున్నది. హైదరాబాదునందు 10 కిలోమీటర్ల పరుగు 2003లో ఆరంభమైనది. 2007లో కొందఱు పరుగు అభిమానులు కూడి ఒక సంఘముగా నేర్పడిరి. 2011 నుండి ఆ సంఘమువారి పూనికతో హైదరాబాదు మారథాన్ సాగుచున్నది. ఇటీవలి సంవత్సరములలో హుస్సేన్‌సాగరు ఒడ్డున బయలుదేరి గచ్చిబౌలి క్రీడారంగమున ముగియుచున్నది. నడుమ ఎగుడుదిగుడులును, వంతెనలును అనేకము. వర్షకాలపు ఉక్కలో ఆ మెట్ట లెక్కుట సామాన్యము కాదు.

ఈ నగరపు పరుగులలో మేము మెచ్చని విషయములును కలవు. పరుగు పేరునకు ముందు ఏదో యొక వాణిజ్య సంస్థ పేరు చేరుచున్నది. పోషకులు మారినప్పుడు పేరును మారుచున్నది. ప్రవేశ రుసుము కూలిజనుల కందునది కాదు. ఖరీదైన పాదరక్షలు, చేతి గడియారములు, అంగీలు పరుగుకన్న ముందు నడుచుచున్నవి. మన పల్లెలు వీనిని అనుకరింపవలెనని మేము చెప్పబోము. ఈ యాడంబరము నంతయు తొలగించి చూచినచో మిగులునవి మూడు: కొలిచిన దూరము, త్రోవలో నీరు, కడపటివాడు వచ్చువఱకు వేచియుండు మనిషి. మారథాన్ అనగా ఈ మూడే. ఈ మూటికిని ధనము పెద్దగా అవసరము లేదు.

ఇక మన పాఠశాలల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొంది ఇచ్చటికి వచ్చిన మాబోంట్లకు క్రీడామైదానమున వినవచ్చు ఒక కేక వింతగా నుండును. పిల్లలు తమ మిత్రుని ప్రోత్సహించుచు "ఓడు, ఓడు" అని అఱచుచుందురు. కన్నడమున ఓడు అనగా పరుగెత్తుమని అర్థము. తెలుగున ఓడుట అనగా పరాజయము పొందుట. మూడువైపుల ఆంధ్రదేశము చుట్టియున్న ఈ తాలూకాలో మన పిల్లల నోట ఈ రెండు మాటలును ఒక్కటే ధ్వనితో పలుకుచున్నవి. మాటలో కలిసినను పోనిమ్ము. మైదానమున కలియుటయే విచారము. మన ప్రాంతపు బడులలో వార్షిక క్రీడలనాడు జరుగునది చూడుడు. ఏ తరగతిలోనైనను వేగముగా పరుగెత్తగల నలుగు రైదుగురు ముందే నిర్ణయమైయుందురు. వారే పరుగెత్తుదురు, వారే బహుమతు లందుకొందురు. తక్కినవారు ఎండలో కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. ఎనిమిదవ తరగతి దాటిన బాలికలు మైదానము అంచునకు చేరుదురు. కాలు కుంటువడిన బాలుని ఎవరును పిలువరు. పరుగెత్తుట ఓడుటకేయని వీరందఱును చిన్ననాడే నిశ్చయించుకొందురు. మైదానమున నేర్చిన ఈ పాఠమును వారు గణితము తరగతికిని, పరీక్షల గదికిని తీసికొనిపోవుదురని మా భయము.

దీనిపై పెద్దలు కొన్ని ఆక్షేపణలు చెప్పుదురు. అందఱిని మెచ్చుకొన్నచో మొదట రావలెనను పట్టుదల ఎవరి కుండునని కొందఱందురు. బోస్టనువారి పద్ధతి దీనికి సమాధానము చెప్పుచున్నది. 1970 నుండి వారు ప్రవేశమునకు కాలనియమము పెట్టిరి. శ్రేష్ఠులైన పరుగుగాండ్రు ఆ నియమము నందుకొనుటకు ఏండ్ల తరబడి సాధన చేయుదురు. అయినను ఆ వీధులలో వెనుక వచ్చువారికి చప్పట్లు తగ్గలేదు. మొదటివానికి బహుమతి నిచ్చుటకును, కడపటివానికి గౌరవ మిచ్చుటకును వైరము లేదు.

బాలికలు వీధిలో పరుగెత్తిన నలుగురు నవ్వుదురని మఱికొంద ఱందురు. వరంగల్లు జిల్లాలోని కల్లెడ గ్రామములో పుట్టిన జీవంజి దీప్తి బుద్ధిమాంద్యము గల పిల్ల యని బాల్యమున ఊరివారి ఎగతాళికి గుఱియైనది. 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలయందు 400 మీటర్ల పరుగులో కాంస్య పతకము గెలిచినది ఆ బాలికయే. నవ్వినవారి పేర్లు నేడెవరికి తెలియును?

పదవ తరగతి పరీక్షలు దగ్గఱకు వచ్చుచుండగా పరుగేల యని మూడవ ఆక్షేపణ. ప్రొద్దున అరగంట పరుగెత్తిన పిల్లవాడు సాయంకాలము చదువునప్పుడు కునికిపాట్లు పడుట తక్కువయని మా అనుభవము. అంతకన్న గొప్ప కారణ మొకటి కలదు. మన తాలూకాలో భూగర్భజలములందు ఫ్లోరైడు అధికము. ఆ నీరు త్రాగి కీళ్లు బిగిసి, నడుము వంగి, గడపదాటుటకు కఱ్ఱ వెదకుకొను పెద్దలు మన గ్రామములలో నున్నారు. పరుగెత్తగల మోకాలు ఎంతటి భాగ్యమో వారి నడిగిన తెలియును. పరుగు ఆ జబ్బును మాన్పదు; దానికి శుద్ధమైన నీరే మందు. కాని పరుగు త్రోవలో పిల్లల కేనీరు ఇయ్యవలెనని ఆలోచించు గ్రామము, ఇంటిలో ఏనీరు త్రాగుచున్నామనియు ఆలోచించును.

కావున మా సూచన ఇది. వచ్చు సంవత్సరము చలికాలమున, ఒక ఆదివారము ప్రొద్దుటనే, మన పాఠశాల ద్వారమునుండి బయలుదేరి ఊరు చుట్టి తిరిగివచ్చు మూడు కిలోమీటర్ల పరుగు నొకటి ఆరంభింపవలెను. దూరమును గణితము విద్యార్థులే టేపుతో కొలువవలెను. రుసుము వలదు. పోషకుల పేరును వలదు. బాలురు, బాలికలు, తల్లులు, తండ్రులు, కన్నడ మాధ్యమపు బడి పిల్లలు ఎవరైనను రావచ్చును. పరుగెత్తలేనివారు నడువవచ్చును, నడువలేనివారిని చక్రాల బండిపై త్రోయవచ్చును. ఆరోగ్యము బాగులేనివారు ముందు వైద్యునికి చూపించుకొనవలెను. కిలోమీటరున కొక చోట శుద్ధిచేసిన నీటి కుండలు పెట్టవలెను. ముగించిన ప్రతివాని పేరును, పట్టిన కాలమును ఒక పుస్తకమున వ్రాసి బడిలో భద్రపఱుపవలెను. మఱుసటి సంవత్సరము ప్రతి విద్యార్థియు తన పాత కాలముతోనే పోటీపడును.

తెలుగు మాధ్యమపు తరగతులలో పిల్లల సంఖ్య తగ్గుచున్నదని మన మందఱము చింతించుచున్నాము. ఉన్న పిల్లలలో ఒక్కనినైనను ఇతడు వెనుకబడినవాడని విడిచిపెట్టు స్థితిలో మనము లేము. ఆనాడు బహుమానము లిచ్చుటకు ఎవరిని పిలువవలెనను చర్చ తరువాత చేయవచ్చును. కడపటి బిడ్డ ఊరి మలుపు తిరిగి వచ్చువఱకు ద్వారము దగ్గఱ నిలుచువారెవరో ముందు నిర్ణయింతము. మా పేరు ఆ పట్టికలో మొదట వ్రాసికొనుడు.