స్పీడ్ సరే... అడ్రస్ నిలుస్తోందా?

కుప్పానికి ఇంటర్నెట్ ముచ్చట కొత్తేం కాదు. 2002లోనే హెచ్‌పీ కంపెనీ అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ ప్రాజెక్టు పెట్టింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయల ప్యాకేజీతో మొదలైంది. ఇప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఇంట్లో కూర్చునే బెంగళూరు ఆఫీసు పని చేసుకోవచ్చు. కాకపోతే ఏడాది డబ్బు ఒకేసారి కట్టేముందు ఒక నెలకే తీసుకుని, లైన్‌ని పరీక్షించండి.

స్పీడ్ టెస్ట్ పొద్దున కాదు, వీధంతా ఫోన్లు పట్టుకునే రాత్రి 8 నుంచి 10 మధ్య చేయండి. వీలైతే వైఫైతో కాకుండా ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి చూడండి. డౌన్‌లోడ్ ఒక్కటే చూసి మురిసిపోవద్దు. వీడియో ఇంటర్వ్యూలో మీ ముఖం ఆగిపోకుండా ఉండాలంటే అప్‌లోడ్ బాగుండాలి, పింగ్ నిలకడగా ఉండాలి. ‘ఫైబర్’ అన్నారు కదా, మరి ఇంట్లోకి వచ్చింది ఫైబరా, లేక వీధి చివర డబ్బా నుంచి లాగిన మామూలు వైరా? అదీ చూడండి.

ఇక చాలామంది అడగని ప్రశ్న: ఐపీ అడ్రస్. పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్నవి సుమారు 430 కోట్ల అడ్రస్‌లే. మన ఆసియా పసిఫిక్ కోటా 2011 ఏప్రిల్‌లోనే దాదాపు అడుగంటింది. అందుకే చాలా కంపెనీలు ఒకే అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. అద్దె ఇళ్లన్నింటికీ ఒకటే డోర్ నంబర్ ఉన్నట్టన్నమాట! పక్కింటివాళ్ల అల్లరికి, ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అని మిమ్మల్ని అడుగుతారు.

కనిపెట్టడం తేలికే. మొబైల్ డేటా ఆపి, వైఫైలో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని వెతకండి. ఆపరేటర్ బిగించిన డబ్బా సెట్టింగ్స్‌లో వ్యాన్ ఐపీ చూడండి. అది 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా మీది పంచుకున్న అడ్రసే. రెండుచోట్లా ఒకటే ఉంటే అది మీకే ఇచ్చిన అడ్రస్. అయినా వారం పాటు రాసిపెట్టుకోండి. కరెంటు పోయి వచ్చాక మారిందా? అయితే అది డైనమిక్.

మారితే నష్టమా? సినిమాలు, రీల్స్, క్లాసులకైతే ఏమీ లేదు. సీసీ కెమెరాలు కూడా చాలావరకు కంపెనీ యాప్ ద్వారానే కనిపిస్తాయి. కానీ మీ ఆఫీసు ‘ఈ అడ్రస్ నుంచి వస్తేనే లాగిన్’ అనే రకమైతే, కరెంటు పోయిన ప్రతిసారీ మీరు గేటు బయటే. అప్పుడు స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగండి. దానికి విడిగా డబ్బు తీసుకుంటారు కాబట్టి ధర ముందే తెలుసుకోండి. మీ ఆఫీసుకు నిజంగా అది అవసరమా అని హెచ్ఆర్‌ని కాదు, ఐటీ వాళ్లని అడగండి.

చివరగా, పక్కింట్లో అదే కనెక్షన్ ఉంటే, వానాకాలంలో తెగిన వైరు ఎన్ని రోజులకు అతికించారో కనుక్కోండి. ఏ యాప్ చెప్పని రేటింగ్ అది!