సౌండు సంగతులు: అవ్వ మాట అవ్వకే వినబడలేదు!

ఫైటు రాగానే రిమోటు కోసం తడుముకోవడం, మాటలు రాగానే మళ్లీ సౌండు పెంచడం... మీ ఇంట్లోనూ ఇదే బాధా? అయితే ఈ వారం సంగతి మీకోసమే!

మొన్న తాడిపత్రి పక్కన మా ఊరెళ్లాను. మా మేనల్లుడికి సినిమా పిచ్చి. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి గారు 1912లో పుట్టింది తాడిపత్రిలోనే కదా! నీళ్ల మహిమ అందామంటే మా పెన్నలో నీళ్లేవీ? గాలి మహిమ అనుకోండి. వాడు ఓ పావుగంట సినిమా తీశాడు. హీరోయిన్ ఎవరనుకున్నారు? వాళ్లవ్వ! అంటే మా అమ్మ. కరువు ఏడాది బావి ఎండిపోతే, బోరు మీద బోరు వేయించిన కథ ఆమే చెబుతుంది.

రాత్రి వీధిలో తెల్లదుప్పటి కట్టి, హోమ్ థియేటర్ పెట్టి ఆట మొదలెట్టాడు. బోరుబండి శబ్దానికి పక్కవీధి కుక్కలు లేచాయి. అవ్వ నోరు తెరిస్తే మాత్రం గొణుగుడు! ముందు వరసలో కూచున్న ఆమె అంది కదా: “ఏం సినిమా రా నాయనా! బోరు ఇనపడ్తాంది గానీ నేను చెప్పేది నాకే ఇనపడల్యా!”

కుర్రాడి మొహం వాడిపోయింది. “మామా, మీటరు పైకంటా కొట్టింది, చూశాను” అన్నాడు. అక్కడే ఉంది తిరకాసు!

వాడు చూసింది పీక్. అంటే శబ్దం ఒక్క క్షణం ఎంత ఎత్తుకు ఎగిరిందో అది. మన చెవి అలా వినదు. కొంతసేపు విన్నదంతా కలిపి, ఇది పెద్దది, ఇది చిన్నది అని తేలుస్తుంది. అందుకే చూడాల్సింది సగటు.

సరే, సగటంటే ఏ సగటు? మన అనంతపురం లెక్కే చెబుతా. ఇక్కడ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అంతా ఒక్కరాత్రి కురిసి పోతే వేరుశనగకేం లాభం? అది పీక్. పోనీ ఏడాది మొత్తం సగటు తీస్తే? అదీ రైతుకు చాలదు. చేలో పంట ఉన్న రోజుల్లో ఎంత పడిందన్నదే ఆయన లెక్క. సినిమాకూ అంతే! బోరుమోతలు, పాటలు, నిశ్శబ్దాలు పక్కనబెట్టి, మాటలున్న చోట మాత్రమే కొలవాలి. మామూలుగా మాట్లాడుకునే సీన్లే తీసుకోవాలి. అరుపులూ గుసగుసలూ వద్దు.

ఇక అంకెల్లోకి వద్దాం, భయపడకండి! డిజిటల్ సౌండులో సున్నా అంటే ఇంటికప్పు. దాన్ని దాటి పోలేం. అందుకే లెక్కలన్నీ మైనస్ డెసిబెల్స్‌లో ఉంటాయి. డాల్బీ డిజిటల్‌గా ఎన్‌కోడ్ చేసేటప్పుడు ‘డయలాగ్ నార్మలైజేషన్’ అని 1 నుంచి 31 దాకా ఓ అంకె రాస్తారు. ముద్దుగా ‘డయల్‌నార్మ్’. ఇది సౌండును మార్చదు, సౌండుతోపాటు వెళ్లే చీటీ మాత్రమే. “ఇందులో మాటల సగటు ఇంత” అని చెబుతుంది. ఇంట్లో డీకోడర్ ఆ చీటీ చూసి, ఏ సినిమా మాటలైనా మైనస్ 31 దగ్గరికి దించుతుంది. 27 అని రాస్తే 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది, 20 అని రాస్తే 11 తగ్గిస్తుంది. చీటీ నిజం చెబితే, ఒక సినిమా తర్వాత ఇంకోటి వేసినా రిమోటు ముట్టక్కర్లేదు!

మావాడి సినిమా మొత్తం కొలిస్తే సగటు మైనస్ 22. బాగానే ఉందే అనిపిస్తుంది. అవ్వ మాటలు విడిగా కొలిస్తే మైనస్ 34! మిగతాదంతా బోరుబండే. పైగా ఎన్‌కోడర్‌లో ముందే ఉన్న 27ను వాడు అలాగే వదిలేశాడు. డీకోడర్ పాపం చీటీని నమ్మి ఇంకో 4 తగ్గించింది. అవ్వ మైనస్ 38కి దిగిపోయింది!

చీటీ మార్చితే చాలదా అంటారేమో. చాలదు. 31 దాటి అంకే లేదు. అందుకని ముందు మిక్సింగే సరిచేశాం. బోరు తగ్గించి, మాటలను మైనస్ 27కి తెచ్చి, అప్పుడు 27 అని రాశాం. నెట్‌ఫ్లిక్స్ కూడా తనకిచ్చే సినిమాల్లో మాటల సగటు మైనస్ 27 దగ్గరే ఉండాలంటుంది. పొట్టి సినిమాలు తీసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వరస గుర్తుంచుకోండి: ముందు మిక్సింగ్, తర్వాత కొలత, ఆఖరికి చీటీ!

అన్నట్టు, ‘మాయాబజార్’ వచ్చిన 1957లో ఈ చీటీలెక్కడివి? మాటా పాటా గదాయుద్ధం అన్నీ ఫిల్ము అంచున ఒక్క సన్నని ట్రాకులోనే ఇమడాలి. గుసగుసకూ గర్జనకూ మధ్య చోటు తక్కువ. మాట అడుగున పడిపోకుండా సౌండ్ ఇంజనీరు చెవే కాపు కాసేది. ఆ చెవి విలువ తెలిసినవారే కె.విశ్వనాథ్ గారు. డైరెక్టరు కాకముందు మద్రాసు వాహినీలో సౌండు విభాగంలోనే పనిచేశారాయన. 2010లో ‘మాయాబజార్’ రంగుల్లో, డీటీఎస్ సౌండుతో మళ్లీ వచ్చింది. ఘటోత్కచుడి గర్జన ఎంత పెరిగినా, పింగళి నాగేంద్రరావు గారి మాట చెవిన పడకపోతే నవ్వేదెలా చెప్పండి?

కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని సీను నిడివి ముందే లెక్కగట్టేవారని ప్రతీతి. కాలాన్ని కొలిచిన ఊరివాళ్లం, మాటను కొలవలేమా?

వారం తిరిగేసరికి మళ్లీ దుప్పటి కట్టాం. ఈసారి వెనకవరస దాకా అవ్వ మాట ఖంగుమంది. జనం బావి కథ నోరు తెరుచుకుని విన్నారు. ఆట అయ్యాక అవ్వేమందో తెలుసా?

“నేనంత గట్టిగా మాట్లాడ్తానా? రవ్వంత తగ్గిచ్చురా నాయనా!”

వచ్చేవారం మళ్లీ కలుద్దాం!