మూసీ నీరు ఆపొద్దు, శుద్ధి చేసి ఇవ్వండి

మూసీ ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చిన మాకు ఆ నీటి వాసన కొత్త కాదు. హైదరాబాద్ వదిలిన మురుగుతోనే దిగువన వరి, పశుగ్రాసం పండుతున్నాయి. ఆ మడుల్లో నాట్లేసి, దురదెక్కిన కాళ్లతోనే మా అమ్మలు మమ్మల్ని చదివించారు. అందుకే ఆ నీరు ఆపమని అడగం. శుద్ధి చేసి, లెక్క చెప్పి ఇమ్మంటున్నాం.

2017 నాటి కేంద్ర నిబంధనలు శుద్ధి కేంద్రం వదిలే నీటికి హద్దులు పెట్టాయి. కానీ దారిలో మళ్లీ మురుగు కలిస్తే? పొలం కాలువ దగ్గరే పరీక్ష జరగాలి. లీటరు సాగునీటిలో నులిపురుగు గుడ్డు ఒకటికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే చెప్పింది. పచ్చిగా తినే కూరలకు ఆ నీరు పెట్టనివ్వరాదు. కూలీలకు బూట్లు, నులిపురుగు మాత్రలు ఇవ్వాలి. పరీక్ష ఫలితం పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. ఆ అంకెలు అమ్మలకు చదివి చెప్పే పూచీ చదువుకున్న మనది.