త్రాడు ముందే చెప్పును

మోటలు కట్టిన దినములు మన గుంటూరు, ఒంగోలు సీమలలో గడచి చాలకాలమైనది. అయినను ఆ పని చేసిన పెద్దలున్న యిండ్లలో నొక మాట నేటికిని వినవచ్చును: ఎద్దులను కట్టుటకు ముందు మోకును చూడుము. గిలకపై నొరసికొను చోట పోగులు లేచినవా, పురి విడినదా, నానినచోట క్రుళ్లినదా యని వ్రేళ్లతో తడవి చూచిన పిమ్మటనే రైతు పని మొదలిడెడివాడు. తెగినచో పోవునది యొక బొక్కెన, ఒక పూట తడి. అంతమాత్రమునకే అంత జాగ్రత్త.

నేడు చీమకుర్తి, రామతీర్థము ప్రాంతముల గనులలో వ్రేలాడునది బొక్కెన కాదు. బంగారు చుక్కలు చల్లినట్లు మెఱయు ఆ నల్లరాయి బ్లాక్ గెలాక్సీ యను పేర దేశదేశములకు పోవుచున్నది. ఆ రాయి ఘనమీటరు సుమారు 3 టన్నులు తూగును. 6 ఘనమీటర్ల బండ యనగా 18 టన్నులు. లోతైన గోతినుండి డెరిక్ క్రేను దానిని పైకి లేపునప్పుడు, నింగికిని నేలకును నడుమ దాని కాధారము గుప్పిట నిముడు ఉక్కుతీగల త్రాడే. పనివారు దీనిని వైరురోపందురు. ఆ గోతిలో పనిచేయువారిలో పొట్టకూటికై పరరాష్ట్రములనుండి వచ్చినవారు పెక్కుమంది.

ఈ త్రాటి పుట్టుకయే యొక పాఠము. జర్మనీలోని హార్ట్జ్ పర్వతములలో గనులకు గొలుసులు వాడుచుండిరి. గొలుసునకు ఒక్క లంకె తెగిన చాలును, సర్వము కూలును. అది ముందు చెప్పదు. 1834లో క్లౌస్తాల్ గనుల యధికారి విల్హెల్మ్ ఆల్బర్ట్ ఇనుపతీగలను పేని త్రాడు చేయించి వాడెను. ఆరు పేటలు, పేటకు 36 తీగలు గల నేటి త్రాటిలో 216 తీగలున్నవి. ఒకటి తెగినను బండ పడదు. అట్లు ఒక్కొక్క తీగయే తెగుచు, త్రాడు తన యజమానికి ముందుగా నోటీసు నిచ్చుచున్నది. చదువువాడు లేకున్న నది త్రాటి తప్పా?

చదువుట కష్టము కాదు. ప్రతి పూట పని మొదలిడకముందు, కప్పీలపై తిరుగు భాగమును, డ్రమ్ముపై చుట్టుకొను భాగమును, కొనల కట్లను చూడవలయును. వట్టిచేతితో తడవరాదు, గుడ్డ పట్టి లాగినచో తెగిన తీగ దానికి తగులుకొని పట్టుబడును. లావును పేటల యుబ్బులమీద కొలిచి పుస్తకమున వ్రాయవలయును. అది తగ్గుచుండిన లోని గుండె చచ్చుచున్నదని యర్థము. ఒక పేట త్రాటిని ఒక చుట్టు చుట్టివచ్చునంత పొడవులో ఆరు తీగలు గాని, ఒకే పేటలో మూడు గాని తెగినచో త్రాటిని మార్చవలయునని అమెరికాలో నిర్మాణపు క్రేనులకు నియమము గలదు. మెలిక పడి మొండియైనను, నలిగి చదునైనను, పేటలు పంజరమువలె ఉబ్బినను ఇక లెక్క యక్కఱలేదు; ఆ పూటయే దింపవలయును.

కొనునప్పుడును చౌక చూడరాదు. తెగుబలము తెలుపు ధ్రువపత్రమడుగవలయును. ఎత్తు త్రాటిపై పడు భారమునకు ఐదింతలైనను ఆ బలముండుట సామాన్యపు వాడుక. కప్పీ గాడికి సరిపోని త్రాడు క్రొత్తదైనను త్వరలో చెడును. డ్రమ్ముపై వరుసమీద వరుసగా చుట్టుకొని నలుగుచోట నారగుండె త్రాటికంటె ఉక్కుగుండెది మేలు. కొనకు క్లిప్పులు బిగించునప్పుడు జీను భారము మోయు త్రాటివైపు, బోల్టు వంపు వట్టికొనవైపు నుండవలయును. చమురు ఎండనీయరాదు.

చట్టము లేదా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 29వ విభాగమున, ఎత్తుడు యంత్రములను, త్రాళ్లను ఏటికొకమారైనను అర్హుడు పరీక్షింపవలయునని విధించెను. గనులకు 1952లో వేఱు చట్టము వచ్చెను. కాని త్రాడు పంచాంగము చూచి అరుగదు. ఎత్తిన బండల లెక్కను అరుగును. ఏటికొక సంతకము దినదినపు కంటికి బదులు కాజాలదు.

ఎత్తుడు యంత్రము కూలిన నేమగునో ఆంధ్రదేశ మెఱుగనిది కాదు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులో, బరువు పరీక్షించు సమయమున క్రేను కూలి 11 మంది మరణించిరి. అది త్రాటివలన జరిగినదని మేమనుట లేదు. యంత్రము పడినపుడు క్రిందనున్నవాడు కూలివాడే యనుచున్నాము.

ఓడ వేచియున్నది, ఒక దినము పని యాగిన నెంత నష్టమో మీకేమి తెలియునని గనివారడుగుదురు. నష్టము నిజమే. కాని ఆ నష్టమును యజమాని పుస్తకమునుండి తీసి కూలివాని నెత్తిపై వ్రేలాడదీయుట వ్యాపారము కాదు. 1928లో మదరాసున తుపాకులకు తన ఱొమ్ము చూపిన మహనీయుని పేరు పెట్టుకొన్న జిల్లా యిది. తన ప్రాణ మొడ్డుట సాహసము. పరుల ప్రాణ మొడ్డుట సాహసము కాదు.

కావున మేము కోరునది యొక్కటే. ప్రతి క్రేనుకు త్రాటిని చూచు మనిషి యొకడు, వ్రాయు పుస్తక మొకటి యుండవలయును. ఆపుమని చెప్పు నధికార మతని కుండవలయును, చెప్పినందులకు అతని కూలి కోయరాదు. గనులకు భూములు గుత్తకిచ్చిన రైతులారా, వాటాలున్న పట్టణవాసులారా, లాభము లెక్క చూచునాడు ఆ పుస్తకమును కూడ తెప్పించి చూడుడు. బావియొద్ద మన తాతలు చేసినదానికంటె ఇది యెక్కువ కాదు.